అత్యుత్తమ క్రీడాకారుల పురస్కారం బ్యాటర్లకేనా? సూరత్ మ్యాచ్ నుంచి సూపర్ బౌల్ దాకా ఒకే ప్రశ్న

సూరత్: ఒక మ్యాచ్‌లో ఎక్కువ పరుగులు చేసినవారు గొప్పా, ఆ పరుగులు రాకుండా ఆపినవారు గొప్పా? క్రికెట్ అంత పాతదైన ఈ ప్రశ్నకు సూరత్‌లోని లాలాభాయ్ కాంట్రాక్టర్ స్టేడియం 2019 సెప్టెంబర్ 24న ఒక స్పష్టమైన సమాధానం చెప్పింది. భారత్, దక్షిణాఫ్రికా మహిళల జట్ల మధ్య ఆ రోజు జరిగిన తొలి టీ20లో భారత్ 130 పరుగులు మాత్రమే చేసింది. కెప్టెన్ హర్మన్‌ప్రీత్ కౌర్ 43 పరుగులు చేశారు. దక్షిణాఫ్రికా తరఫున మిన్యాన్ డు ప్రీజ్ 59 పరుగులు సాధించారు. అయినా ‘ప్లేయర్ ఆఫ్ ద మ్యాచ్’ పురస్కారం ఆఫ్ స్పిన్నర్ దీప్తి శర్మకు దక్కింది.

ఆమె గణాంకాలు ఇవి: 4 ఓవర్లు, 3 మెయిడిన్లు, 8 పరుగులు, 3 వికెట్లు. అంటే మూడు ఓవర్లలో ఒక్క పరుగూ రాలేదు. ఇచ్చిన ఎనిమిది పరుగులూ ఒకే ఓవర్లో వచ్చాయి. టీ20 అంతర్జాతీయ మ్యాచ్‌లో మూడు మెయిడిన్లు వేసిన తొలి భారత బౌలర్‌గా ఆమె పేరు అప్పట్లో నమోదైంది. భారత్ ఆ మ్యాచ్‌ను 11 పరుగుల తేడాతో గెలిచింది. ఆరు మ్యాచ్‌ల ఆ సిరీస్‌లో కొన్ని వర్షార్పణం కాగా, భారత్ 3-1తో విజేతగా నిలిచింది.

అదే మ్యాచ్‌తో 15 ఏళ్ల షెఫాలీ వర్మ అంతర్జాతీయ క్రికెట్‌లో అడుగుపెట్టారు. తొలి ఇన్నింగ్స్‌లో సున్నాకే వెనుదిరిగారు. ఆరేళ్ల తర్వాత 2025 నవంబర్ 2న నవీ ముంబైలో జరిగిన వన్డే ప్రపంచకప్ ఫైనల్ రాత్రి, రెండు పెద్ద పురస్కారాలను వీరిద్దరే పంచుకున్నారు. ఫైనల్ పురస్కారం షెఫాలీకి, టోర్నీ పురస్కారం దీప్తికి లభించాయి.

ఒక్క మ్యాచ్‌లో బౌలర్‌కు పట్టం కట్టడం వింతేమీ కాదు. టోర్నీ మొత్తానికో, సీజన్ మొత్తానికో అత్యుత్తమ క్రీడాకారులను ఎంచుకోవలసి వచ్చినప్పుడే చిక్కు మొదలవుతుంది. అక్కడ తూకం చాలాసార్లు బ్యాటర్ల వైపే మొగ్గుతుంది. ఇది క్రికెట్‌కే పరిమితమైన విషయం కాదు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఇదే చర్చ దశాబ్దాలుగా మరింత తీవ్రంగా సాగుతోంది.

అమెరికాలో రిసీవర్ల నిరీక్షణ

అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతిని విసిరే ఆటగాడిని క్వార్టర్‌బ్యాక్ అంటారు. మైదానం అంచుల వెంబడి పరుగెత్తి, ప్రత్యర్థులను తప్పించుకుని, ఆ బంతిని అందుకునేవారు వైడ్ రిసీవర్లు. ఆ దేశపు ప్రధాన లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఏటా అత్యంత విలువైన ఆటగాడిని అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ఎంపిక చేస్తుంది. ఇందుకోసం 50 మందితో కూడిన బృందం ఓటు వేస్తుంది.

ఈ పురస్కారం 2024 సీజన్ వరకు ఒక్క వైడ్ రిసీవర్‌కూ దక్కలేదు. 1971లో అలన్ పేజ్, 1986లో లారెన్స్ టేలర్ అనే రక్షణ ఆటగాళ్లు దాన్ని గెలుచుకున్నారు. ఆటగాళ్ల సమ్మెతో తొమ్మిది మ్యాచ్‌లకు కుదించుకుపోయిన 1982 సీజన్‌లో మార్క్ మోస్లీ అనే కిక్కర్ కూడా గెలిచారు. రిసీవర్లకు మాత్రం ఆ అదృష్టం లేదు. 2012లో రన్నింగ్ బ్యాక్ ఏడ్రియన్ పీటర్సన్ గెలిచిన తర్వాత, 2013 నుంచి 2024 వరకు వరుసగా 12 సీజన్లు క్వార్టర్‌బ్యాక్‌లకే ఓట్లు పడ్డాయి.

అర్హులు లేక ఇలా జరగలేదు. 1987లో శాన్‌ఫ్రాన్సిస్కో రిసీవర్ జెర్రీ రైస్ కేవలం 12 మ్యాచ్‌లలో 22 టచ్‌డౌన్ క్యాచ్‌లు పట్టారు. మరికొన్ని సంస్థలు ఆయన్నే ఉత్తమ ఆటగాడిగా గుర్తించినా, అసోసియేటెడ్ ప్రెస్ పురస్కారం డెన్వర్ క్వార్టర్‌బ్యాక్ జాన్ ఎల్వేకు వెళ్లింది. 2021లో లాస్ ఏంజెలిస్ రామ్స్ రిసీవర్ కూపర్ కప్ 145 క్యాచ్‌లు, 1,947 గజాలు, 16 టచ్‌డౌన్లతో మూడు విభాగాల్లోనూ లీగ్‌లో అగ్రస్థానంలో నిలిచారు. 50 ఓట్లలో ఆయనకు పడింది ఒకే ఒక్కటి.

ఒకే ఘనత, రెండు ఖాతాలు

దీనికి మూల కారణం ఆట లెక్కలు రాసే పద్ధతిలోనే ఉంది. రిసీవర్ సాధించే ప్రతి గజమూ రెండు పేర్ల మీద నమోదవుతుంది. బంతిని పట్టిన ఆటగాడి ఖాతాలో ఒకసారి, విసిరిన క్వార్టర్‌బ్యాక్ ఖాతాలో మరోసారి దాన్ని రాస్తారు. 2021లో రామ్స్ క్వార్టర్‌బ్యాక్ మాథ్యూ స్టాఫర్డ్ 601 సార్లు బంతిని విసిరారు. అందులో కూపర్ కప్‌ను ఉద్దేశించి విసిరినవి 191. స్టాఫర్డ్ పేరిట ఉన్న 41 టచ్‌డౌన్లలో 16 కప్ పట్టినవే. కప్ గొప్పగా ఆడినప్పుడల్లా స్టాఫర్డ్ అంకెలు పెరిగాయి. స్టాఫర్డ్ ఇతరులకు విసిరిన బంతుల ఫలితం మాత్రం కప్ ఖాతాలోకి రాలేదు.

రెండో కారణం అవకాశాల సంఖ్య. క్వార్టర్‌బ్యాక్ దాదాపు ప్రతి దాడిలోనూ బంతిని తాకుతాడు. అత్యంత బిజీగా ఉండే రిసీవర్‌కు సైతం మ్యాచ్‌కు పది పదకొండు సార్లే బంతి వస్తుంది. మిగిలిన సమయమంతా అతడు ప్రత్యర్థులను తనవైపు లాగి సహచరులకు దారి చేసి పెడుతుంటాడు. అయితే ఆ శ్రమకు గణాంకాల పట్టికలో గడి లేదు.

క్రికెట్‌లో ఈ రెండు కారణాలూ వేరే రూపంలో కనిపిస్తాయి. బ్యాటర్ చేసిన పరుగు పూర్తిగా బ్యాటర్‌దే. వన్డేలో ఓపెనర్‌కు 50 ఓవర్లూ ఆడే వీలుంది. బౌలర్‌కు 10 ఓవర్ల పరిమితి ఉంది. టీ20లో అది నాలుగు ఓవర్లు, అంటే 24 బంతులు. పైగా క్యాచ్ రూపంలో వచ్చిన వికెట్‌కు ఫీల్డర్ చేయూత కావాలి. చేతిలో పడిన బంతి జారితే బౌలర్ ప్రతిభ ఎంతటిదైనా అంకెల్లో చేరదు. ఈ లెక్కన క్రికెట్‌లో బ్యాటర్ స్వతంత్రుడు, బౌలర్ సగం పరాధీనుడు. రిసీవర్‌కు అసలైన పోలిక బంతి కోసం కాచుకుని ఉండే ఫీల్డర్.

సూరత్‌లోనే ఇటీవల జరిగిన మరో ఘటన ఈ తేడాను చూపుతుంది. 2025 నవంబర్ 9న పిఠావాలా స్టేడియంలో అరుణాచల్ ప్రదేశ్‌తో జరిగిన రంజీ ట్రోఫీ ప్లేట్ మ్యాచ్‌లో మేఘాలయ ఆటగాడు ఆకాశ్ కుమార్ చౌధరీ వరుసగా ఎనిమిది సిక్సర్లు బాది, 11 బంతుల్లోనే అర్ధశతకం పూర్తిచేశారు. ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో అదే అత్యంత వేగవంతమైన అర్ధశతకం. ఆయన ప్రధానంగా పేస్ బౌలర్. ఏళ్ల తరబడి వేసిన ఓవర్లు తీసుకురాని పేరును బ్యాటుతో ఎదుర్కొన్న ఆ కొద్ది బంతులు ఒక్క రోజులో దేశమంతటికీ చేర్చాయి.

మ్యాచ్‌కు ఒక తూకం, సీజన్‌కు మరో తూకం

ఎన్‌ఎఫ్‌ఎల్ సీజన్ పురస్కారం అందని రిసీవర్లకు ఫైనల్ మ్యాచ్ అయిన సూపర్ బౌల్‌లో మాత్రం తలుపులు తెరుచుకునే ఉన్నాయి. 2025 వరకు ఎనిమిదిసార్లు సూపర్ బౌల్ అత్యుత్తమ ఆటగాడి పురస్కారం రిసీవర్లకు దక్కింది. లిన్ స్వాన్, ఫ్రెడ్ బిలెట్నికాఫ్, జెర్రీ రైస్, డియాన్ బ్రాంచ్, హైన్స్ వార్డ్, శాంటోనియో హోమ్స్, జూలియన్ ఎడెల్‌మన్, కూపర్ కప్ ఆ జాబితాలో ఉన్నారు. సీజన్‌కు ఒక్క ఓటు మాత్రమే పొందిన కప్, కొద్ది రోజులకే రెండు టచ్‌డౌన్లతో సూపర్ బౌల్ హీరో అయ్యారు.

ఆటగాడు మారలేదు, నైపుణ్యమూ మారలేదు. మారింది కొలిచే కాలపరిధి. ఒక్క మ్యాచ్‌లో మలుపు తిప్పిన క్షణం అందరి కళ్లముందూ ఉంటుంది. రెండు క్యాచ్‌లు కప్పును తెచ్చాయని చూసినవారందరూ చెప్పగలరు. సీజన్ ముగిసే సరికి ఆ క్షణాలు మొత్తాల్లో కలిసిపోతాయి. మొత్తాల లెక్క ఎప్పుడూ ఎక్కువ అవకాశాలు వచ్చినవారికే అనుకూలం.

క్రికెట్‌లోనూ ఇదే జరుగుతోంది. 2017 మహిళల వన్డే ప్రపంచకప్ ఫైనల్ భారత అభిమానులకు చేదు జ్ఞాపకం. లార్డ్స్‌లో జరిగిన ఆ మ్యాచ్‌లో ఇంగ్లండ్ పేసర్ అన్యా ష్రబ్‌సోల్ 46 పరుగులకు 6 వికెట్లు తీసి, తొమ్మిది పరుగుల తేడాతో భారత్ చేతిలోంచి కప్పును లాగేసుకున్నారు. ఫైనల్ పురస్కారం ఆమెకే వచ్చింది. టోర్నీ పురస్కారం మాత్రం 410 పరుగులు చేసిన ఆమె సహచర బ్యాటర్ టామీ బ్యూమాంట్‌కు వెళ్లింది.

2023 పురుషుల ప్రపంచకప్‌లో మహమ్మద్ షమీ ఏడు మ్యాచ్‌లే ఆడి 24 వికెట్లతో అగ్రస్థానంలో నిలిచారు. న్యూజిలాండ్‌తో సెమీఫైనల్లో విరాట్ కోహ్లి వన్డేల్లో 50వ శతకం చేసిన రోజున కూడా, 57 పరుగులకు 7 వికెట్లు తీసిన షమీయే మ్యాచ్ పురస్కారం అందుకున్నారు. టోర్నీ ముగిశాక 11 మ్యాచ్‌లలో 765 పరుగులు చేసిన కోహ్లి వైపు న్యాయనిర్ణేతలు మొగ్గారు. కోహ్లి ఎంపిక తప్పని అనడానికి లేదు. ఒకే ప్రపంచకప్‌లో అన్ని పరుగులు అంతకుముందు ఎవరూ చేయలేదు. అయితే ఒక మ్యాచ్‌లో బౌలర్‌దిగా తేలిన ఘనత, టోర్నీ లెక్కకు వచ్చేసరికి బ్యాటర్‌ది కావడం గమనించదగ్గది.

తెలుగు అభిమానులకు మరింత దగ్గరి ఉదాహరణ హైదరాబాద్ పేసర్ మహమ్మద్ సిరాజ్‌ది. 2025లో ఇంగ్లండ్‌తో జరిగిన అయిదు టెస్టుల సిరీస్‌లో ఆయన ఒక్క మ్యాచ్ కూడా వదలకుండా ఆడి, 185 ఓవర్లకు పైగా బౌలింగ్ చేసి, 23 వికెట్లు తీశారు. ఆగస్టు 4న ఓవల్‌లో భారత్ ఆరు పరుగుల తేడాతో గెలిచి సిరీస్‌ను 2-2తో సమం చేసిన టెస్టులో తొమ్మిది వికెట్లతో మ్యాచ్ పురస్కారం అందుకున్నారు. సిరీస్ పురస్కారాలు మాత్రం ఇద్దరు బ్యాటర్లకు దక్కాయి. భారత్ నుంచి 754 పరుగులు చేసిన శుభ్‌మన్ గిల్, ఇంగ్లండ్ నుంచి హ్యారీ బ్రూక్ ఎంపికయ్యారు.

ప్రపంచకప్‌ల జాబితా ఏం చెబుతోంది?

పురుషుల వన్డే ప్రపంచకప్‌లో టోర్నీ అత్యుత్తమ ఆటగాడి పురస్కారం 1992లో మొదలైంది. 2023 వరకు తొమ్మిది మంది దాన్ని అందుకున్నారు. మార్టిన్ క్రో, సచిన్ టెండూల్కర్, కేన్ విలియమ్సన్, విరాట్ కోహ్లి బ్యాటర్లు. సనత్ జయసూర్య, లాన్స్ క్లూస్‌నర్, యువరాజ్ సింగ్ బ్యాటుతోనూ బంతితోనూ రాణించినవారు. కేవలం బౌలింగ్‌తో గెలిచినవారు ఇద్దరే: 2007లో 26 వికెట్లు తీసిన గ్లెన్ మెక్‌గ్రాత్, 2015లో 22 వికెట్లు తీసిన మిచెల్ స్టార్క్. ఇద్దరూ ఆస్ట్రేలియా పేసర్లే, ఇద్దరి జట్లూ ఆయా ఏడాది కప్పు గెలిచాయి.

కప్పు గెలవడం అనే షరతు ఎంత బలమైనదో 2019లో తేలింది. స్టార్క్ ఆ టోర్నీలో 27 వికెట్లు తీసి మెక్‌గ్రాత్ రికార్డును దాటారు. అంటే 2015లో తనకు పురస్కారం తెచ్చిపెట్టిన దానికంటే అయిదు వికెట్లు ఎక్కువే తీశారు. అయితే ఆస్ట్రేలియా సెమీఫైనల్లో ఓడిపోయింది. న్యూజిలాండ్‌ను ఫైనల్‌కు నడిపించిన విలియమ్సన్‌కు పురస్కారం దక్కింది. అయిదు శతకాలతో 648 పరుగులు చేసిన రోహిత్ శర్మ కూడా ఆ ఏడాది ఖాళీ చేతులతోనే వెనుదిరిగారు. 2003 నుంచి 2023 వరకు ఈ పురస్కారం పొందిన ఆరుగురూ ఫైనల్ ఆడిన జట్లవారే. ఎన్‌ఎఫ్‌ఎల్ ఓటర్లు కూడా జట్టు విజయాలకు పెద్దపీట వేస్తారు. అక్కడ ఆ విజయాలకు ముందుగా గుర్తింపు పొందేది క్వార్టర్‌బ్యాకే.

మహిళల వన్డే ప్రపంచకప్‌లో ధోరణి ఇంకా స్పష్టం. 2009లో క్లేర్ టేలర్, 2013లో సుజీ బేట్స్, 2017లో టామీ బ్యూమాంట్, 2022లో అలీసా హీలీ గెలిచారు. నలుగురికీ పేరు తెచ్చింది ప్రధానంగా బ్యాటే.

ఈ గోడకు పెద్ద బీటలు పడింది 2024 పురుషుల టీ20 ప్రపంచకప్‌లో. జస్‌ప్రీత్ బుమ్రా ఓవర్‌కు 4.17 పరుగులు మాత్రమే ఇచ్చి 15 వికెట్లు తీశారు. టోర్నీ మొత్తంలో బ్యాటుతో ఆయన ఒక్క పరుగు కూడా చేయలేదు. అయినా టోర్నీ పురస్కారం ఆయనకే ఇచ్చారు. ఆ టోర్నీలో ఎక్కువ వికెట్లు ఆయనవి కావు. ఆయన బంతులకు పరుగులు రాకపోవడం, మ్యాచ్ చేజారుతున్నప్పుడల్లా ఆయన ఓవర్లే దాన్ని నిలబెట్టడం నిర్ణేతలు చూశారు. విచిత్రమేమిటంటే బార్బడోస్ ఫైనల్లో ఆయన 18 పరుగులకే 2 వికెట్లు తీసినా, ఆ మ్యాచ్ పురస్కారం 76 పరుగులు చేసిన కోహ్లికి వెళ్లింది. మామూలు పద్ధతి ఆ రాత్రి తలకిందులైంది.

పాయింట్లతో తేలుస్తే?

నిర్ణేతల అభిప్రాయాలకు తావు లేకుండా పాయింట్లతోనే తేల్చవచ్చు కదా అన్న వాదన ఉంది. ఐపీఎల్‌లో ఆ పద్ధతే నడుస్తోంది. చాలా సీజన్లలో పాటించిన సూత్రం ప్రకారం వికెట్‌కు 3.5, సిక్సర్‌కు 3.5, ఫోర్‌కు 2.5, క్యాచ్‌కు 2.5, స్టంపింగ్‌కు 2.5, పరుగు రాని బంతికి 1 పాయింటు చొప్పున ఇస్తారు.

ఈ సూత్రంలో ఒక బౌలర్ 12 డాట్ బంతులు వేసి, రెండు వికెట్లు తీస్తే 12కు 7 కలిపి 19 పాయింట్లు వస్తాయి. అయిదు ఫోర్లు, రెండు సిక్సర్లు కొట్టిన బ్యాటర్‌కు 12.5కు 7 కలిపి 19.5 పాయింట్లు. అంటే మంచి స్పెల్‌కు, మంచి అర్ధశతకానికి దాదాపు సమాన విలువ ఉన్నట్టే. డాట్ బంతికి విలువ కట్టడంతోనే ఈ సమతూకం సాధ్యమైంది. స్కోరుబోర్డులో కనిపించని పనికి ఇక్కడ గడి దొరికింది.

ఫలితం కూడా కనిపిస్తుంది. ప్రధానంగా బౌలింగ్‌తోనే ఐపీఎల్ పురస్కారం గెలిచినవారిలో సునీల్ నరైన్ (2012), జోఫ్రా ఆర్చర్ (2020), హర్షల్ పటేల్ (2021) ఉన్నారు. ఆర్చర్ గెలిచిన ఏడాది రాజస్థాన్ రాయల్స్ పట్టికలో అట్టడుగున ఉంది. జట్టు ఓడినా ఆటగాడి విలువ తగ్గలేదు. ఓట్ల పద్ధతిలో ఇలాంటి ఎంపిక ఊహించడం కష్టం. హర్షల్ ఆ సీజన్‌లో 32 వికెట్లు తీశారు. మిగిలిన పురస్కారాలను బ్యాటర్లు, ఆల్‌రౌండర్లు పంచుకున్నారు. నరైన్ 2018, 2024లలో ఓపెనర్‌గా పరుగులు కూడా చేసి మరో రెండుసార్లు గెలిచారు.

మహిళల ప్రీమియర్ లీగ్‌లో పాయింట్ల పద్ధతి ఆల్‌రౌండర్లకు మరింత కలిసివచ్చింది. 2023లో హేలీ మాథ్యూస్, 2024లో దీప్తి శర్మ, 2025లో నాట్ సివర్-బ్రంట్ గెలిచారు. దీప్తి గెలిచిన ఏడాది ఆమె జట్టు యూపీ వారియర్స్ ప్లేఆఫ్స్‌కు కూడా చేరలేదు.

పాయింట్లకూ పరిమితులు ఉన్నాయి. 19వ ఓవర్లో వేసిన డాట్ బంతి, రెండో ఓవర్లో వేసిన డాట్ బంతి సూత్రానికి ఒక్కటే. ఓటమి ఖాయమయ్యాక కొట్టిన సిక్సర్, చివరి బంతికి గెలిపించిన సిక్సర్ కూడా ఒక్కటే. సందర్భాన్ని మనిషి తూచగలడు, సూత్రం తూచలేదు. నిష్పాక్షికత కోసం పాయింట్లు, సందర్భం కోసం నిర్ణేతలు అవసరమవుతున్నారు.

క్యాచ్ పట్టినవారి మాటేమిటి?

ఇక రిసీవర్‌కు అసలైన సాటి అయిన ఫీల్డర్ సంగతి. కేవలం ఫీల్డింగ్‌తో మ్యాచ్ పురస్కారం గెలవడం అత్యంత అరుదు, అసాధ్యం మాత్రం కాదు. 1986లో షార్జాలో పాకిస్తాన్‌పై వెస్టిండీస్ ఆటగాడు గస్ లోగీ మూడు క్యాచ్‌లు, రెండు రనౌట్లతో ఆ గౌరవం పొందారు. 1993 నవంబర్‌లో ముంబైలోని బ్రబోర్న్ స్టేడియంలో జరిగిన హీరో కప్ మ్యాచ్‌లో దక్షిణాఫ్రికా ఆటగాడు జాంటీ రోడ్స్ వెస్టిండీస్‌పై అయిదు క్యాచ్‌లు పట్టి ప్రపంచ రికార్డు నెలకొల్పారు. మ్యాచ్ పురస్కారం కూడా ఆయనదే. టోర్నీ పురస్కారం మాత్రం ఫీల్డింగ్ బలంతో ఎవరికీ రాలేదు.

2024 టీ20 ప్రపంచకప్ ఫైనల్ చివరి ఓవర్‌లో దక్షిణాఫ్రికాకు 16 పరుగులు కావాలి. తొలి బంతికి డేవిడ్ మిల్లర్ కొట్టిన షాట్‌ను సూర్యకుమార్ యాదవ్ బౌండరీ గీత దగ్గర ఒడిసిపట్టి, గీత దాటే ముందు గాల్లోకి వదిలి, తిరిగి లోపలికి వచ్చి అందుకున్నారు. అధికారిక స్కోరు పట్టికలో ఆ వికెట్ హార్దిక్ పాండ్యా పేరిట ఉంది. సూర్యకుమార్‌కు దక్కిన గుర్తింపు డ్రెస్సింగ్ రూమ్‌లో ఇచ్చిన ఫీల్డింగ్ పతకం. 2023 ప్రపంచకప్‌లో ఆ పతకం ఇచ్చే ఆనవాయితీని ప్రవేశపెట్టింది హైదరాబాద్‌కు చెందిన ఫీల్డింగ్ కోచ్ టి.దిలీప్. బయటి ప్రపంచం లెక్కించని పనికి జట్టు లోపల విలువ కట్టే ప్రయత్నమది. ఆ చిన్న పతకం కోసం సీనియర్లు సైతం ఉత్సాహంగా ఎదురుచూడటం అభిమానులు వీడియోల్లో చూశారు.

2025 ఫైనల్‌లో ఏం జరిగింది?

నవీ ముంబైలో జరిగిన 2025 మహిళల ప్రపంచకప్ ఫైనల్‌ను ఈ చర్చకు నిలువుటద్దం అనవచ్చు. భారత్ 7 వికెట్లకు 298 పరుగులు చేసింది. దక్షిణాఫ్రికా కెప్టెన్ లారా వోల్వార్ట్ శతకంతో పోరాడుతున్నారు. 101 పరుగుల వద్ద ఆమె కొట్టిన బంతి గాల్లోకి లేచింది. అమన్‌జోత్ కౌర్ చేతుల్లోంచి జారి, మళ్లీ ఎగిరి, చివరకు ఆమె చేతిలోనే నిలిచింది. అంతకుముందు నేరుగా వికెట్లను కొట్టి టాజ్మిన్ బ్రిట్స్‌ను రనౌట్ చేసింది కూడా అమన్‌జోతే. వోల్వార్ట్ వికెట్ దీప్తి ఖాతాలో చేరింది. దక్షిణాఫ్రికా 246 పరుగులకు ఆలౌటైంది. భారత మహిళలు తొలిసారి ప్రపంచకప్ గెలిచారు.

ఫైనల్లో 87 పరుగులు చేసి రెండు వికెట్లు తీసిన షెఫాలీ మ్యాచ్ పురస్కారం అందుకున్నారు. గాయపడిన ప్రతీకా రావల్ స్థానంలో సెమీఫైనల్‌కు ముందే ఆమె జట్టులోకి వచ్చారు. అదే మ్యాచ్‌లో 58 పరుగులు చేసి, 39 పరుగులకు 5 వికెట్లు తీసిన దీప్తికి ఆ పురస్కారం రాలేదు. ఆమెకు టోర్నీ పురస్కారం దక్కింది.

అసలు విశేషం టోర్నీ పురస్కారంలోనే ఉంది. వోల్వార్ట్ ఆ టోర్నీలో 571 పరుగులు చేశారు. మహిళల ప్రపంచకప్‌లో ఒకే టోర్నీలో అన్ని పరుగులు అంతకుముందు ఎవరూ చేయలేదు. సెమీఫైనల్లోనూ ఫైనల్లోనూ శతకాలు బాదారు. గత నాలుగు టోర్నీల ఒరవడే కొనసాగి ఉంటే పురస్కారం ఆమెకే వెళ్లాలి. అయితే దీప్తి 22 వికెట్లతో టోర్నీలో అగ్రస్థానంలో నిలవడమే కాక 215 పరుగులు కూడా చేశారు. ఒకే ప్రపంచకప్‌లో 200 పరుగులు, 20 వికెట్లు సాధించిన క్రీడాకారులు అంతకుముందు లేరు. రికార్డు స్థాయి బ్యాటింగ్‌ను దాటడానికి రికార్డు స్థాయి బౌలింగ్‌తో పాటు బ్యాటూ, జట్టు గెలుపూ తోడు కావలసి వచ్చాయి.

పురస్కారం వల్ల మారేదేమిటి?

ఈ చర్చ జ్ఞాపికల అల్మారాతో ముగిసిపోదు. ప్రపంచకప్ ముగిసిన నెలలోనే, నవంబర్ 27న ఢిల్లీలో మహిళల ప్రీమియర్ లీగ్ వేలం జరిగింది. దీప్తిని యూపీ వారియర్స్ రూ.3.2 కోట్లకు తిరిగి దక్కించుకుంది. ఆ వేలంలో అదే అత్యధిక ధర.

కడప జిల్లా నుంచి వచ్చిన ఎడమచేతి స్పిన్నర్ ఎన్.శ్రీచరణి ప్రపంచకప్‌లో 14 వికెట్లు తీశారు. భారత బౌలర్లలో దీప్తి తర్వాత ఆమెదే రెండో స్థానం. ఆమెకు మ్యాచ్‌లు గెలిపించే శతకాలు ఉండవు. మధ్య ఓవర్లలో పరుగులు బిగపట్టి, అవతలి వైపు బౌలర్‌కు వికెట్లు దొరికేలా చేయడం ఆమె పని. వేలంలో ఢిల్లీ క్యాపిటల్స్ ఆమెకు రూ.1.3 కోట్లు చెల్లించింది. పురస్కారాల జాబితాలో పేరు లేకపోయినా, ఆట తెలిసిన జట్లు ఆ పని విలువను గుర్తిస్తున్నాయనడానికి ఇది నిదర్శనం.

అయితే జట్ల యాజమాన్యాలు గుర్తించడం వేరు, గ్రామాల్లో బంతి పట్టే పిల్లలు గుర్తించడం వేరు. అకాడమీలో చేరే బాలిక బ్యాటు కావాలా, బంతి కావాలా అని ఎంచుకునే వేళ ఆమె కళ్లముందు నిలిచేది వేదికపై జ్ఞాపిక అందుకున్న ముఖమే. ఎవరికి పట్టం కడుతున్నారన్నది రేపు ఎవరు ఏ పని నేర్చుకుంటారన్న దానిపై ప్రభావం చూపుతుంది.

మరి రిసీవర్‌కు అవకాశం ఉందా?

నియమాల ప్రకారం ఏ అడ్డంకీ లేదు. ఎన్‌ఎఫ్‌ఎల్ ఓటర్లు 2022 సీజన్ నుంచి ఒక్క పేరుకు బదులు వరుసగా అయిదు పేర్లు రాస్తున్నారు. మొదటి పేరుకు 10, తర్వాతి పేర్లకు 5, 3, 2, 1 పాయింట్లు ఇస్తారు. కూపర్ కప్‌లా గొప్ప సీజన్ ఆడిన రిసీవర్‌కు ఇప్పుడు కనీసం జాబితాలో చోటు దొరుకుతుంది. మొదటి స్థానానికి చేరడం మాత్రం ఇంకా కష్టమే.

క్రికెట్ అనుభవం చూస్తే అందుకు మూడు పరిస్థితులు కలిసిరావాలి. రిసీవర్ అంకెలు ఇంతవరకు ఎవరూ చేరని స్థాయిలో ఉండాలి. అతడి జట్టు అగ్రస్థానాల్లో నిలవాలి. అన్నింటికంటే ముఖ్యంగా ఆ ఘనతను తన ఖాతాలో వేసుకునే స్థాయి క్వార్టర్‌బ్యాక్ ఆ ఏడాది జట్టులో ఉండకూడదు. గాయాల వల్ల ఇద్దరు ముగ్గురు క్వార్టర్‌బ్యాక్‌లు మారినా రిసీవర్ అదే జోరు కొనసాగిస్తే, గెలుపు ఎవరి చేతుల్లో ఉందో ఓటర్లకు విడిగా కనిపిస్తుంది.

క్రికెట్‌లో బౌలర్లకు దారి తెరుచుకున్నది కూడా అలాగే. సూరత్‌లో 130 పరుగుల మ్యాచ్‌లో బ్యాటర్ల అంకెలు చిన్నవిగా ఉండటంతో దీప్తి మూడు మెయిడిన్ల విలువ అందరికీ తెలిసివచ్చింది. బుమ్రా విషయంలో పరుగులు రాని బంతులే గెలుపును నిర్ణయించాయి. పని కనిపించినప్పుడు పట్టం దక్కింది. పరుగులను, గజాలను కూడినంత సులువుగా ఆపిన పరుగులను, పట్టిన క్యాచ్‌లను, ప్రత్యర్థులను లాగి సహచరులకు చేసిన దారులను లెక్కించే పద్ధతి వచ్చేవరకు, ఈ పురస్కారాల్లో బ్యాటర్లు, క్వార్టర్‌బ్యాక్‌లు ఒక అడుగు ముందే ఉంటారు.